గెలుపు తరువాత - కాకతీయుల రాజ్యతంత్రం

కత్తితో గెలిచిన నేలను కత్తితోనే నిలుపుకోవడం సాధ్యమా? కాకతీయులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. కల్యాణి చాళుక్యులకు సామంతులుగా ఉండి, ప్రభువుల బలం సన్నగిల్లినప్పుడు స్వతంత్రులైన వంశం వారిది. రుద్రదేవుని 1163 నాటి హనుమకొండ శాసనం ఆ స్వాతంత్ర్యానికి సాక్ష్యం. కనుక సామంతుని మనసు ఎప్పుడు మారుతుందో వారికి బాగా తెలుసు.

గణపతిదేవుడు దేవగిరి యాదవుల చెర నుండి విడుదలై 1199లో సింహాసనం అధిష్ఠించాడు. ఆయన చెరలో ఉన్న కాలంలో రాజ్యాన్ని కాపాడినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన రామప్ప గుడిని 1213లో నిర్మింపజేసినవాడూ ఆయనే. రాజు లేనివేళ రాజ్యాన్ని నిలిపింది ఒక సామంతుని విశ్వాసమే.

పదమూడవ శతాబ్ది ఆరంభంలో గణపతిదేవుడు తీరాంధ్రాన్ని జయించాడు. ఓడిన దివిసీమ పాలకుల వంశాన్ని నిర్మూలించలేదు. ఆ వంశానికి చెందిన నారమాంబ, పేరమాంబలను వివాహమాడాడు. వారి సోదరుడు జాయపను గజసేనాధిపతిగా నియమించాడు. నిన్నటి శత్రుకుటుంబం నేటి బంధువర్గమైంది. ఆ జాయపయే తరువాత ‘నృత్తరత్నావళి’ని రచించాడు.

తీరంతోపాటు సముద్ర వర్తకమూ రాజు చేతికి వచ్చింది. తుపాను తాకిడికి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకొనేవారు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి అభయశాసనం ద్వారా ఆ ఆచారాన్ని విడనాడి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటానని ప్రకటించాడు. దోపిడి ఒక్కనాటి లాభం. సుంకం ఏటేటా వచ్చే ఆదాయం.

అయితే ఈ బంధాలన్నీ గట్టివి కావు. గణపతిదేవుడు ఉన్నతస్థితికి తెచ్చిన కాయస్థ వంశంలోని అంబదేవుడు రుద్రమదేవిపై తిరుగుబాటు చేశాడు. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని తెలుపుతున్నది. అంబదేవునితో జరిగిన పోరులోనే ఆమె మరణించి ఉంటుందని చరిత్రకారులు భావిస్తారు.

రుద్రమదేవి, ప్రతాపరుద్రుల కాలంలో నాయంకర విధానం బలపడింది. రాజు నాయకులకు గ్రామాలను ఇచ్చేవాడు. వారు అందుకు ప్రతిగా సైన్యాన్ని పోషించేవారు. వంశం కన్న సేవకు విలువ పెరిగింది.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల వశమైంది. సింహాసనం పోయినా నాయకులు మిగిలారు. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుని నాయకత్వాన వారే ఓరుగల్లును విముక్తం చేశారు. కోటగోడలు కూలిన తరువాత కూడా నిలిచినది ఏదో దీనినిబట్టి గ్రహించవచ్చు.