కొత్త పాయింట్ టూ టూ రైఫిల్: గురి సరిచూసుకునేటప్పుడు చేయవలసినవి, చేయకూడనివి

కొత్త రైఫిల్ చేతికి రాగానే ఎంత సూటిగా కొడుతుందో చూడాలనిపిస్తుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో ఆ ముచ్చటకు మొదట గుర్తొచ్చేవి పొలం, పాడుబడ్డ క్వారీ. రెండూ వద్దు.

పాయింట్ టూ టూ తూటా బరువు సుమారు 2.6 గ్రాములే. అయినా కిలోమీటరున్నర దూరంలోనూ మనిషికి ప్రమాదమే. సాగర్ ఎడమ కాలువ కింద నాట్ల రోజుల్లో అంత మేరలో ఎవరో ఒకరు వంగి పని చేసుకుంటూనే ఉంటారు. పైగా మడిలో నిలిచిన నీటికి ఏటవాలుగా తగిలిన సీసపు తూటా మునగదు, ఎగిరి మరో దిక్కుకు పోతుంది. మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి క్వారీల్లో చుట్టూ గోడలా రాయి ఉంటుంది కాబట్టి భద్రమనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. రాతికి తగిలిన సీసం ముక్కలై కాల్చినవాడి మీదికే రావచ్చు.

నిర్లక్ష్యంగా, లేదా పెళ్లి బారాత్‌లో సరదాకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే, 2019లో సవరించిన ఆయుధ చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అనుమతి ఉన్న రేంజ్‌కే వెళ్లండి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో షూటింగ్ రేంజ్ ఉంది. ముందే మాట్లాడుకుని బయల్దేరండి. 65వ నంబరు హైవే మీద వెళ్లేటప్పుడు రైఫిల్ ఖాళీగా, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. తూటాలు వేరే పెట్టెలో, లైసెన్సు మీ దగ్గర ఉండాలి. ఎండలో ఆపిన కారులో తూటాలు వదలకండి. వేడెక్కితే మందు మండే తీరు మారి, గురి కూడా మారుతుంది.

రేంజ్‌లో గొట్టం మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకండి. కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. ఎవరైనా టార్గెట్ దగ్గరికి వెళ్తే బోల్టు తెరిచి రైఫిల్‌ను బల్ల మీద పెట్టండి, వాళ్లు తిరిగొచ్చేదాకా ముట్టకండి.

ఇక గురి సంగతి. మొదట రైఫిల్ ఖాళీ అని నిర్ధారించుకుని, గొట్టంలోని ఫ్యాక్టరీ గ్రీజును వెనకవైపు నుంచి శుభ్రం చేయండి. మూతి వైపు నుంచి రాడ్ దూర్చితే అంచు అరిగి గురి చెడుతుంది. ఇసుక సంచిని ముందు కర్ర కింద పెట్టండి, గొట్టానికి తగలనివ్వకండి. ఐదేసి తూటాల చొప్పున నాలుగైదు గ్రూపులు కాల్చండి. గ్రూపు మధ్యలో సైట్లు తిప్పకండి. ఒకసారి ఒక మార్పే చేయండి, లేదంటే ఫలితం దేనివల్లో తేలదు.

ఎక్కువ తేడా వచ్చేది తూటాల దగ్గరే. ఒక రైఫిల్‌కు కుదిరిన రకం ఇంకోదానికి కుదరదు, అదే కంపెనీలో లాట్ మారినా గ్రూపు మారుతుంది. అందుకే పెట్టె మీది లాట్ నంబరు రాసుకోండి. పోటీ తూటాలు సాధారణంగా సెకనుకు 330 మీటర్ల దగ్గర, ధ్వని కన్నా కాస్త తక్కువ వేగంతో పోతాయి. 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే. అక్కడ హైవెలాసిటీ తూటాలతో పని లేదు.

ట్రిగ్గర్ తేలికవ్వాలని లోపలి భాగాలను ఆకురాయితో రుద్దకండి. నన్నడిగితే గురి పేరుతో జరిగే పనుల్లో ఇదే అన్నిటికన్నా భయపెట్టేది. అలా అరిగిన రైఫిల్ చిన్న కుదుపుకే పేలవచ్చు. ఆ పని లైసెన్సున్న మెకానిక్‌దే. ఛాంబర్ ఖాళీగా ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కే సాధన కూడా తయారీదారు అనుమతిస్తేనే. పిన్ను ఛాంబర్ అంచును కొట్టి గుంట చేస్తుంది.

తూటా పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి, నిమిషం ఆగాకే బోల్టు తెరవండి. దాన్ని కత్తితో పొడవకండి. ఈ తూటాలో పేలుడు మందు అడుగు అంచులోనే ఉంటుంది. చప్పుడు మరీ మెల్లగా వస్తే తూటా గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. వెంటనే ఆపి రేంజ్ ఆఫీసర్‌ను పిలవండి. ఇంకోటి కాల్చారంటే గొట్టం పగులుతుంది.

ఇంటికి చేరాక బోల్టు, రైఫిల్, తూటాలు వేర్వేరుగా తాళంలో ఉండాలి, తాళంచెవి పిల్లలకు అందకూడదు. చేతులకు సీసం అంటి ఉంటుంది. అన్నం తినే ముందు సబ్బుతో కడుక్కోండి. ఆ బట్టలతోనే చంటిపిల్లలను ఎత్తుకోకండి.