నిండుచూలాలి నడక - ఊరి బాట

జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం మండలమున ఒక గ్రామమునందు పంచాయతీ సభ్యులతో కలిసి మేము వీధివెంట నడచుచుండగా, ఏడెనిమిది నెలల గర్భవతి యొకతె ఎదురుగా వచ్చినది. అచ్చట మోరీపై పరచిన బండ ఒక ప్రక్కకు క్రుంగియున్నది. ఆమె బండవద్ద నిలిచి, చేతితో గోడను పట్టుకొని, పాదముతో ముందుచోటును తడిమి, ఆ తరువాతనే అడుగు వేసినది. మాతోనున్న సభ్యుడొకరు, "నెలలు నిండితె అందరు గిట్లనే నడుస్తరు సార్, బాతు నడక" అని నవ్విరి. వెంటనే వార్డు సభ్యురాలైన పెద్దమ్మ, "నవ్వుడు కాదు బిడ్డా, ముందుగాల ఆ బండ సక్కగ పెట్టియ్యి" అనిరి. ఆ మాటయే మాచేత ఈ వ్యాసము వ్రాయించినది.

గర్భిణి నడక యేల మారును? దీనికి సమాధానము మన ఇండ్లలోనే కలదు. నీళ్ల బిందెను చంకన పెట్టుకొన్న స్త్రీ రెండవ ప్రక్కకు ఒరుగును. బరువు ఒకవైపున్నచో శరీరము దానికి ఎదురువైపు ఒరిగి నిలకడ సంపాదించుకొనును. గర్భిణికి బరువు ముందువైపున పెరుగును. ఆరోగ్యవతియైన స్త్రీ తొమ్మిది నెలలు నిండునప్పటికి సాధారణముగా 10 మొదలు 12 కిలోల వరకు బరువెక్కును. అందులో శిశువు బరువు సుమారు 3 కిలోలు మాత్రమే. తక్కినది మాయ, ఉమ్మనీరు, పెరిగిన గర్భాశయము, అధికమైన రక్తము, రొమ్ములు, బాలింత దశకు దేహము దాచుకొను క్రొవ్వు. అలసినప్పుడు దించి అరుగుపై పెట్టుటకు వీలులేని బిందె ఇది.

ఈ ముందు బరువును ఆపుటకు ఆమె నడుము వద్ద వెనుకకు వంగును. నడుము క్రిందిభాగమున వెన్నెముకకు సహజముగనే ఒక వంపు కలదు. గర్భము పెరిగినకొలది ఆ వంపు హెచ్చును. 2007వ సంవత్సరమున అమెరికా దేశపు శాస్త్రజ్ఞులు కేథరిన్ విట్‌కోమ్, లైజా షపీరో, డేనియల్ లీబర్‌మన్ అనువారు 'నేచర్' పత్రికలో ఒక విశేషమును ప్రకటించిరి. పురుషులకు ఈ వంపు రెండు వెన్నుపూసలయందు ఏర్పడియుండగా, స్త్రీలకు అది మూడు పూసలపై పరచుకొనియున్నదట. బరువు ఒక్కచోట పడక మూడు పూసలకు పంచబడును. సుమారు 20 లక్షల సంవత్సరముల నాటి పూర్వమానవుల శిలాజములలో కూడ ఈ భేదమును వారు గుర్తించిరి. అనగా, రెండు కాళ్లపై నడచిన పూర్వమానవుల కాలముననే గర్భిణి నడుమునకు ప్రకృతి ఈ ఏర్పాటు చేసినదన్నమాట. మనము నవ్వుకొను నడక వెనుక ఇంతటి చరిత్ర కలదు!

రెండవ కారణము కీళ్లయందున్నది. 1926లో ఫ్రెడరిక్ హైసా అను శాస్త్రజ్ఞుడు గినీపందులపై పరిశోధనలు చేయుచు, గర్భధారణ కాలమున కటి కీళ్లను సడలించు పదార్థమొకటి రక్తములో నుండునని కనుగొనెను. తరువాత దానికి రిలాక్సిన్ అను పేరు వచ్చినది. ఇట్టి పదార్థముల ప్రభావముచే కటి ఎముకలను ఒకదానితో నొకటి కట్టియుంచు బంధనములు కొంత వదులగును. బిడ్డ వెలికివచ్చు త్రోవ సిద్ధమగుటకు ఇది అవసరమే. కాని బండి చక్రమునకు సీల వదులైనచో ఎట్లుండునో, నడకయందు అట్టి ఊపు కొంత కన్పట్టును. కొందరికి పొత్తికడుపు దిగువన ఎముకలు కలియుచోటను, పిరుదుల వెనుకను నొప్పి కలుగును. మెట్లెక్కునప్పుడు, పక్కమీద ఒత్తిగిలునప్పుడు, ఒంటికాలిపై నిలిచి చీర కట్టుకొనునప్పుడు ఈ నొప్పి హెచ్చును.

ఈ కారణములచే గర్భిణి కాళ్ల నడుమ ఎడము పెంచి, పొట్టి అడుగులు వేయుచు, రెండు పాదములను నేలపై కొంచె మధిక కాలము నిలిపి నడచుట సాధారణము. అయితే 'బాతు నడక' అను మాట అందరికి చెల్లదు. 2000వ సంవత్సరమున అమెరికాలో 15 మంది స్త్రీలను నెలలు నిండినప్పుడు ఒకసారి, ప్రసవమైన ఏడాదికి మరియొకసారి నడిపించి కొలిచి చూడగా, పైకి కనబడు నడక దాదాపు మారలేదని తేలినది. మారినది లోపలి శ్రమ. తుంటి కండరములు, పిక్కలు మునుపటికన్న అధికముగా పనిచేసి ఆ నడకను నిలబెట్టుచున్నవి. చూచువారికి ఆమె మామూలుగనే నడచుచున్నట్లుండును. సాయంకాలమునకు ఆమె నడుము, పిక్కలు లాగుచుండును. "ఏం పని చేసినవని నడుము నొప్పి?" అని అడుగు అత్తగారు ఈ సంగతి నెరుగవలెను.

పాదముల సంగతి చాలమంది గమనింపరు. అయోవా విశ్వవిద్యాలయము వారు 2013లో 49 మంది గర్భిణుల పాదములను కొలిచి ప్రకటించిన ఫలితములనుబట్టి, అనేకులకు అరికాలి వంపు అణగి, పాదము 2 మొదలు 10 మిల్లీమీటర్ల వరకు పొడవైనది. ప్రసవానంతరము కూడ అది పూర్వస్థితికి రాలేదు. పాత చెప్పులు బిగుతైనవని వాటిని విడిచి వట్టికాళ్లతో తిరుగుటకంటె, మడమ వెనుక పట్టీ కలిగి, అడుగున జారని చదునైన చెప్పులు కొనియిచ్చుట మేలు.

ఇక నడకనుబట్టి చెప్పు జోస్యములు. కుడికాలు ముందు వేసిన మగబిడ్డయనియు, ఎడమకాలు వేసిన ఆడబిడ్డయనియు చెప్పు పెద్దలు నేటికిని కలరు. పైన చెప్పిన కారణములలో శిశువు ఆడయో మగయో అను ప్రసక్తి ఎచ్చటను లేదు. ఇది వినోదముగా చెప్పుకొనుమాటయే యైనను, దానిని విని ఇంట ముఖములు మారినచో ఆ తల్లి అన్నము సరిగా తినదు. గర్భస్థ శిశువు లింగమును పరీక్షలచే తెలిసికొనుట, తెలుపుట 1994 నాటి చట్టము ప్రకారము నేరము. సభ్యులు ఈ మాటను గ్రామసభలో చెప్పవలెను.

ఇబ్రహీంపట్నం, మెట్‌పల్లి, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములకు చెందిన విషయమొకటి విడిగా చెప్పవలసియున్నది. ఇక్కడి ఇండ్లలో వేలాది స్త్రీలు బీడీలు చుట్టి జీవించుచున్నారు. మగవారు గల్ఫు దేశములకు పోయిన ఇండ్లలో ఈ సంపాదనయే దినవెచ్చములకు ఆధారము. గర్భము నిలిచినదని చేట ప్రక్కన పెట్టుట అందరికి సాధ్యము కాదు. ఒడిలో చేట పెట్టుకొని గంటలకొలది కదలక కూర్చున్నచో పాదములకు నీరు దిగును, నడుము బిగుసుకొనును. కడుపు పెరిగినకొలది చేట ముందుకు జరుగును, మెడ మరింత వంగును. చీకటిపడు వేళ కట్టలు లెక్కించి ఒక్కసారి లేచినప్పుడు కాళ్లు తిమ్మిరెక్కి, మొదటి నాలుగు అడుగులలోనే తూలి పడుటకు అవకాశమెక్కువ. కావున వీపు గోడకు ఆన్చి, నడుము వెనుక మెత్త యుంచుకొని, నడుమ నడుమ కాళ్లు చాపి, గంటకొకసారి లేచి వాకిట కొంతసేపు తిరుగవలెను. లేచునప్పుడు ప్రక్కనున్నదానిని పట్టుకొని మెల్లగా లేవవలెను. తంబాకు దుమ్ము తల్లికిగాని కడుపులోని బిడ్డకుగాని మంచిది కాదు. ఈ నెలలలో ఇంటిలో మరియొకరు తంబాకు పని చూచుకొని, ఆమెకు ఆకు కత్తిరించు పని మాత్రము విడుచుట మంచిది.

పడుట ఎంతటి మాట? అమెరికాలో 2010లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో 3,997 మంది తల్లులను విచారింపగా, నూటికి 27 మంది గర్భముతో నున్నపుడు ఒకసారియైనను పడినవారే. నున్నని బాటలు, విద్యుద్దీపములు గల దేశమున సంగతి ఇది. కడుపు అడ్డమై తన పాదములు తనకే కనబడని స్త్రీకి క్రుంగిన బండ, పాచిపట్టిన బోరింగు గద్దె, దీపము లేని మూలమలుపు ఎట్టివో ఊహింపవచ్చును. శిశువును ఉమ్మనీరు చాలవరకు కాపాడును. పడిన ప్రతిసారి హాని జరుగదు. అయినను నొప్పి లేదని ఊరకుండరాదు. మాయ గర్భాశయమునుండి విడివడుట వంటి ప్రమాదము కొన్ని గంటల తరువాత బయటపడవచ్చును. కాబట్టి పడినచో డాక్టరుకు చూపింపవలెను. కడుపునొప్పి, రక్తస్రావము, నీరు పోవుట, బిడ్డ కదలిక తగ్గుట వీనిలో ఏది కనబడినను క్షణమాలసింపక 108కు ఫోను చేయవలెను.

సహజమైన నడక మార్పు నెలనెలకు మెల్లగా వచ్చును. అకస్మాత్తుగా వచ్చినది సహజము కాదు. ఒక్క కాలు మాత్రమే వాచి, ఎఱ్ఱబారి, పిక్క నొప్పిపెట్టుచున్నచో రక్తము గడ్డకట్టియుండవచ్చును. ముఖము, చేతులు ఉబ్బి, తలనొప్పి, కండ్లు మసకలు కలిగినచో రక్తపుపోటు హెచ్చినదని శంకింపవలెను. నాలుగడుగులకే ఆయాసపడి గడపలో కూర్చుండిపోవు గర్భిణిని 'సోమరి' అనుట మహాపరాధము. అది రక్తహీనత కావచ్చును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనుబట్టి తెలంగాణలో గర్భిణులలో సగము మందికి పైగా రక్తహీనత గలవారే. నాలుగవ నెలనుండి కనీసము 180 దినములు దినమున కొక ఇనుము మాత్ర తినవలెను. ఆశా కార్యకర్త ఇచ్చిన మాత్రలు దూలము సందున దాచుట వలన రక్తము పట్టదు.

నడచుటయే మానవలెనా? కాదు. డాక్టరు వద్దని చెప్పనిచో గర్భిణులు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. దినమునకు అరగంట చొప్పున వారమున అయిదు దినములు నడచిన చాలును. నడచుచు మాటలాడగలిగినంత వేగముండవలెను. నెత్తిపై మోపు, చంకన బిందె లేని నడక అని మా భావము. చేలో పసుపు తవ్వుట, నాట్లు వేయుట పనియే గాని వ్యాయామము కాదు. ఈ రెంటికి భేదమున్నదని మా అనుభవములో చాల ఇండ్లవారు ఒప్పుకొనుట లేదు.

పంచాయతీకి ఇందులో ఏమి పని యని అడుగువారికి రాజ్యాంగమే జవాబు చెప్పుచున్నది. 1992 నాటి 73వ సవరణచే చేరిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుద్ధ్యము, స్త్రీ శిశు అభివృద్ధి పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. ఇంటింటికి నల్లా వచ్చిన ఊళ్లలో కూడ ఒక్కపూట నీరు ఆగినచో బోరింగు వద్దకు బిందెతో పోవునది తరచుగా ఇంటి కోడలే. నీరు రాని దినమున గర్భిణుల ఇండ్లకు పంచాయతీ ట్యాంకరు ముందుగా పోవునట్లు తీర్మానించుటకు ఏ పై అధికారి అనుమతియు అక్కరలేదు. బోరింగు గద్దెను వారమునకొకసారి సున్నముతో రుద్దించుటకు, మోరీ బండలను సరిచేయించుటకు, అంగన్‌వాడీ మెట్లకు ఒక ఇనుపకమ్మి అమర్చుటకు పెద్ద నిధులు కావలయునా? 2020 నుండి గ్రామములలో వెలసిన పల్లె ప్రకృతి వనములలో బాట శుభ్రముగా నున్నచో గర్భిణులు సాయంకాలము నడచుటకు అంతకన్న మంచి చోటు లేదు. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు జరుగు ప్రత్యేక పరీక్షలకు పోవు దినమున ఆటో బస్తీ చివర ఆగక ఇంటి ముందుకే వచ్చునట్లు చూచుట కూడ సభ్యుల చేతిలోని పనియే.

సభ్యులకు మేము ఒక ప్రయోగమును సూచించుచున్నాము. అంగన్‌వాడీ టీచరువద్ద మీ వార్డు గర్భిణుల ఇండ్లు ఏవో తెలిసికొనుడు. ఒక సాయంకాలము దీపములు పెట్టు వేళ, 10 కిలోల బియ్యపు సంచిని కండువాతో కడుపునకు ముందువైపు గట్టిగా కట్టుకొని, ఆ ఇండ్లనుండి అంగన్‌వాడీ వరకు, అచ్చటినుండి నల్లా వరకు మీరే నడచి చూడుడు. తల వంచినను పాదములు కనబడవు. మీరు గోడ పట్టుకొన్న చోటు, ఆగి పాదముతో తడిమిన చోటు, దారి మార్చుకొన్న చోటు నోటుబుక్కులో వ్రాసికొని, వచ్చు సమావేశపు ఎజెండాలో మొదటి అంశముగా చేర్చుడు.