ఎదురుచూపుకు ఒక గడువు

బెంగళూరు బళేపేట గాజుల వీధుల నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలోనే వాణీవిలాస్ ఆసుపత్రి ఉంది. ఇలాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో సంతాన నియంత్రణ క్లినిక్‌లు తెరవడానికి మైసూరు సంస్థానం 1930లోనే ఉత్తర్వు ఇచ్చింది. అంత ముందుచూపు చూపిన ఊళ్లో కూడా, గర్భనిరోధక మాత్రలు ఆపాక నెలసరి తప్పిందన్న మాటను నోటిదాకా రానివ్వకుండా దిగమింగే ఆడవాళ్లు ఎందరో. ఈ భయం తగ్గాలంటే ధైర్యవచనాలు చాలవు. దేనికి ఎన్నాళ్లు ఆగవచ్చో, దేనికి ఆగకూడదో తెలియాలి. ఆత్మవిశ్వాసం అక్కడే మొదలవుతుందని నా నమ్మకం.

మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రల ప్యాకెట్‌లో 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. ఐరన్ మాత్రలు వేసుకునే వారంలో వచ్చే రక్తస్రావం హార్మోన్ అందకపోవడం వల్ల వచ్చేదే. అంటే ఇన్నాళ్లూ తేదీ తప్పకుండా వచ్చిన నెలసరి మాత్ర నడిపించినది. అది ఆపాక మెదడు, అండాశయాలు తమ లయను తిరిగి అందుకోవడానికి చాలామందికి మూడు నెలల వరకు పట్టవచ్చు. ‘మాత్రలు వాడితే ఇక పిల్లలు పుట్టరు’ అనే అత్తగారి మాటకు 2009లో వెలువడిన యూరప్ అధ్యయనం గట్టి జవాబు. గర్భం కోసం మాత్రలు ఆపినవారిలో దాదాపు 21 శాతం మందికి మొదటి నెలసరి చక్రంలోనే, 79 శాతం మందికి ఏడాదిలోపు గర్భం వచ్చింది. మూడు నెలలకోసారి తీసుకునే అంతరా ఇంజెక్షన్ సంగతి వేరు. దాని తర్వాత గర్భం రావడానికి ఇంకొన్ని నెలలు ఎక్కువ పట్టవచ్చు.

‘అయితే ఊరికే కూర్చోమంటారా? అది నిర్లక్ష్యం కాదా?’ అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అండం విడుదలయ్యాకే నెలసరి వస్తుంది కనుక, మాత్రలు ఆపాక ఒక్క నెలసరీ రాకముందే గర్భం నిలవవచ్చు. ఆలస్యమైతే ముందు కిట్‌తో పరీక్ష చేసుకోవాలి. గర్భం లేదని తేలి, మూడు నెలలైనా నెలసరి రాకపోతే గైనకాలజిస్టును కలవాలి. మాత్రల చాటున ఇన్నాళ్లూ బయటపడని పీసీఓడీ గానీ, థైరాయిడ్ లోపం గానీ ఉండవచ్చు. మాత్రలు మొదలుపెట్టక ముందు నెలసరి ఎలా ఉండేదో డాక్టరుకు చెప్పడం ఎంతో మేలు. గర్భం కోరుకునేవారు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ముందునుంచే వాడాలి. ఏడాది ప్రయత్నించినా ఫలించకపోతే, 35 దాటినవారైతే ఆరు నెలలకే, పరీక్షలకు వెళ్లాలి. భార్య ఒక్కతే కాదు, భర్త కూడా.