పెరటి కొమ్మకు నారింజ చెక్క

అమెరికాలో ఒహాయో, మిషిగన్, న్యూజెర్సీ వైపు పిల్లల్ని పెంచుకుంటున్న తల్లిదండ్రులకు ఏప్రిల్ నెలాఖరులో చేయదగ్గ ఒక పని చెబుతాను. నారింజను అడ్డంగా రెండు చెక్కలు కోసి, కిటికీలోంచి కనబడే కొమ్మకు గుచ్చండి. గుచ్చడం మాత్రం పిల్లల చేతే చేయించండి. పెట్టిన చేతికే ఎదురుచూపు రుచి తెలుస్తుంది.

మెక్సికోలోనో మధ్య అమెరికాలోనో చలికాలం గడిపిన బాల్టిమోర్ ఓరియోల్ పిట్టలు మే నెల మొదట్లో ఈ రాష్ట్రాలకు చేరతాయి. మగపిట్ట తల నల్లన, పొట్ట మండే నారింజ రంగు. తీపంటే ప్రాణం. నారింజ చెక్క, చెంచాడు గ్రేప్ జెల్లీ చాలు, ఖరీదైన ఫీడర్ అక్కర్లేదు. పొద్దుతిరుగుడు గింజలు పోస్తే రొమ్మున ఎర్ర మచ్చ ఉన్న గ్రోస్‌బీక్ వాలొచ్చు. నీలాల ఇండిగో బంటింగ్‌కి వలిసెలు ఇష్టం. అవును, మన అరకు లోయను పసుపుపచ్చగా ముంచెత్తే ఆ వలిసెలే! అమెరికా దుకాణాల్లో నైజర్ పేరుతో అమ్ముతారు.

మొదటి వారం ఏ పిట్టా రాకపోవచ్చు. “ఎప్పుడొస్తుందమ్మా?” అని అడిగితే రేపని మాటివ్వకండి. “మనం పెట్టాం, అది చూసుకుని వస్తుంది” అనండి. వేసవికి అమ్మమ్మా తాతయ్యా వచ్చి ఉంటే ఈ కాపలా వాళ్లకూ మనవలకూ కలిపి అప్పగించండి. వసారాలో పిచ్చుకలకు వరి కంకుల కుచ్చులు కట్టిన చేతులవి.

ఇండిగో బంటింగ్ రాత్రిళ్లు ప్రయాణిస్తుంది. 1960ల్లో స్టీఫెన్ ఎమ్లెన్ అనే శాస్త్రవేత్త ఈ పిట్టల్ని ప్లానెటేరియంలో ఉంచి, అవి చుక్కల్ని చూసి దిక్కు పోల్చుకుంటాయని తేల్చాడు. ఏ చుక్క ఎక్కడుందో పుట్టుకతోనే వాటికి తెలియదు. ఆకాశం ఎటు కేంద్రంగా తిరుగుతోందో గమనించి, తొలి వలసకు ముందే పిల్లపిట్టలు ఉత్తరాన్ని నేర్చుకుంటాయి. ఇది పడుకునే ముందు చెప్పాల్సిన కథ. చెప్పి, పిల్లల్ని పెరట్లోకి తీసుకెళ్లి ధ్రువనక్షత్రం చూపించండి. వచ్చేటప్పుడు బయటి దీపం వాళ్ల చేతే ఆర్పించండి, ఆ వెలుగు రాత్రి ప్రయాణం చేసే పిట్టల దారి తప్పిస్తుంది.

పెద్దల వంతు పని కూడా ఉంది, అందులో అశ్రద్ధ తగదు. ఫీడర్‌ను అద్దాల కిటికీకి 3 అడుగుల లోపే కట్టండి. అంత దగ్గర్లో పిట్ట వేగం అందుకోదు కనుక తగిలినా ప్రాణం మీదికి రాదు. రెండు వారాలకోసారి వేడినీళ్లతో కడగండి, ఒకదాని జబ్బు మరోదానికి అక్కడే అంటుతుంది. జెల్లీ రోజూ మార్చండి. పురుగుమందు కొట్టకండి, ఎందుకంటే గూట్లో పిల్లలకు తల్లిపిట్ట పెట్టేది ఎక్కువగా పురుగులే. ఎలుగుబంట్లు తిరిగే చోటైతే ఈ ఆలోచనే మానుకోండి.

ఈక దొరికితే పిల్లలు పుస్తకంలో దాచుకోవాలనుకుంటారు. 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం ఈ పిట్టల ఈకలు దగ్గరుంచుకోవడం కూడా తప్పే. కోప్పడకుండా ఆ మాట చెప్పి, ఫొటో తీసుకుని ఈకను అక్కడే వదిలేయమనండి.

మేత పెడితే శరత్కాలంలో అవి వెళ్లడం మానేస్తాయేమోనని దిగులొద్దు. పగటివేళ కురచ కావడమే వాటికి ప్రయాణపు కబురు. సెప్టెంబరులోనూ గింజలు ఉంచండి, ఆలస్యంగా బయల్దేరినవాటికి దారిబత్తెంగా పనికొస్తాయి.