కుక్కల పెంపకము – పౌరధర్మము

మానవుడు మచ్చిక చేసికొన్న జంతువులలో కుక్క మొట్టమొదటిది. ఆవును, గుఱ్ఱమును పెంచుట నేర్వకమునుపే, వేటాడి బ్రతుకుచున్న కాలముననే, మనుష్యునకు కుక్క తోడైనది. నాటినుండి నేటివఱకు అది ఇంటికి కావలి, మందకు రక్ష. గొఱ్ఱెలకాపరి రాత్రివేళ మందనడుమ నిశ్చింతగా కునుకు తీయగలుగుట తన కుక్కమీది నమ్మకముచేతనే. నేరస్థుల జాడ తీయుటకు పోలీసులును, దాచిపెట్టిన ప్రేలుడు పదార్థములను కనుగొనుటకు సైనికులును నేడు కుక్కల సాయము పొందుచున్నారు. విశ్వాసమునకు మాఱుపేరుగా కుక్కను చెప్పుట మన భాషలో వాడుక.

అయినను కుక్క కారణముగా ఇరుగుపొరుగులకు తగవులు పుట్టుట తఱచుగా చూచుచున్నాము. పల్లెలో ఇంటికిని ఇంటికిని నడుమ దొడ్డియు, పెరడును ఉండును. కుక్క మొఱిగినచో ఆ చప్పుడు పొరుగువానికి కావలికేకగా తోచును. పట్టణమున అట్లు కాదు. ఒకే గోడకు ఇరుప్రక్కల రెండు కుటుంబములు కాపురముండును. ఒకే మెట్లవరుసను, ఒకే లిఫ్టును ఇరువది కుటుంబములు వాడుకొనును. ఒకరు ముద్దుగా పెంచుకొను కుక్కను చూచి వేఱొకరి పసిబిడ్డ బెదరి ఏడ్చును. రాత్రియెల్ల అది మొఱిగినచో పరీక్షకు చదువుకొను విద్యార్థికి చదువు సాగదు. రోగికి నిద్ర రాదు. "నా కుక్క, నా ఇష్టము" అని ఒకరు, "ఆ కుక్క ఇచ్చట ఉండనే కూడదు" అని వేఱొకరు పట్టుపట్టుదురు.

ఇరువురి మాటలోను కొంత న్యాయము కలదు. పెంచుకొనువానికి పెంచుకొను స్వేచ్ఛ కలదు. వీథిలో నడచువానికి నిర్భయముగా నడచు హక్కు కలదు. ఈ రెంటిని సరిగా తూచుటకే నియమములు ఏర్పడినవి. ఆ నియమములు కుక్కకు తెలియవు. వానిని తెలిసికొని పాటింపవలసినవాడు కుక్కను పెంచువాడే. కుక్క చేసిన కీడునకు పూచీ దాని యజమానిది. ఈ యొక్క సూత్రమును గ్రహించినచో తక్కిన నియమములన్నియు తేటపడును.

మన పూర్వులు కుక్కవిషయమునను ధర్మాధర్మములను విచారించిరి. మహాభారతమున ఆదిపర్వారంభముననే సరమ కథ కలదు. జనమేజయ మహారాజు కురుక్షేత్రమున యజ్ఞము చేయుచుండగా, సరమ అను దేవశునకము కుమారుడైన సారమేయుడు అచ్చటికి వచ్చెను. రాజు తమ్ములు మువ్వురు వానిని కొట్టి తఱిమిరి. వాడు ఏడ్చుచు తల్లికడకు పోయి, తాను యజ్ఞద్రవ్యములను నాకలేదనియు, వానివంక చూడనైన చూడలేదనియు మొఱపెట్టుకొనెను. సరమ రాజుకడకు వచ్చి, తప్పు చేయని తన బిడ్డను కొట్టినందులకు వారికి అనుకోని భయము కలుగునని పలికెను. అంతటి మహారాజును ఆ మాటకు కలతచెందెను. తప్పు విచారింపక శిక్షించుట కుక్కవిషయమునను అధర్మమే అని ఈ కథ బోధించుచున్నది.

ఆ గ్రంథముననే చివర ధర్మరాజు మహాప్రస్థానము కలదు. తమ్ములును, ద్రౌపదియు త్రోవలో పడిపోయిన పిమ్మట ఒక్క కుక్క మాత్రము అతని వెంట నడచెను. దానిని విడిచి రమ్మని ఇంద్రుడు పిలిచినను, నమ్మి వెంటవచ్చిన ప్రాణిని విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు చెప్పెను. నిరపరాధిని హింసింపరాదు, నమ్మినదానిని విడువరాదు. ఈ రెండు ధర్మములకు నేటి శాస్త్రము మూడవదానిని చేర్చినది: మన కుక్క మూలమున ఇతరులకు రోగము రానీయరాదు.

ఆ రోగము రేబిస్. దీనినే జనులు పిచ్చికుక్క రోగమందురు. కంటికి కనబడని ఒక సూక్ష్మజీవి రోగము సోకిన కుక్క చొంగలో ఉండి, కాటు మూలమున మనుష్యుని శరీరమున ప్రవేశించును. అచ్చటినుండి నరములవెంట మెల్లగా మెదడునకు ప్రాకును. ఇందులకు సాధారణముగా ఒకటినుండి మూడు నెలలు పట్టును. ఆ లోపల చికిత్స పొందినవాడు బ్రతుకును. నీటిని చూచి భయపడుట మొదలైన లక్షణములు పొడసూపిన పిమ్మట ప్రాణము దక్కుట మిక్కిలి అరుదు. మనుష్యులకు సోకు రేబిసులో నూటికి 99 పాళ్లు కుక్కలవలననే వచ్చుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. ఆసియా, ఆఫ్రికా ఖండములలో ఈ రోగమునకు బలియగువారిలో నూటికి సుమారు 40 మంది 15 ఏండ్లలోపు పిల్లలు. కావున ఈ పాఠము పెద్దలకంటె మీకే ఎక్కువ అవసరము.

ఈ రోగమునకు టీకాను కనిపెట్టిన మహనీయుడు ఫ్రాన్సు దేశీయుడగు లూయీ పాస్టరు. 1885 జూలై 6వ తేదీన, పిచ్చికుక్క కఱచిన జోసెఫ్ మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలునకు ఆయన పర్యవేక్షణమున మొదటి టీకా వేసిరి. బాలుడు బ్రతికెను. పాస్టరు కాలధర్మము నొందిన సెప్టెంబరు 28వ తేదీని ఇప్పుడు ప్రపంచ రేబిస్ దినముగా పాటించుచున్నారు. మన దేశమున 1900లో కసౌలిలోను, 1907లో కూనూరులోను పాస్టరు పేర సంస్థలు వెలసి, కుక్కకాటునకు చికిత్స చేసినవి. ఒకప్పుడు బొడ్డుచుట్టు పదునాలుగు సూదిమందులు వేయుచుండిరి. ఆ బాధ పడలేక పలువురు చికిత్సనే మానుకొనుచుండిరి. మన దేశమున ఆ పాతమందు తయారీ 2004తో నిలిచిపోయినది. ఇప్పుడు భుజమున నాలుగైదు దినములలో మాత్రము, వైద్యులు చెప్పిన తేదీలకు, సూది వేయించుకొనిన చాలును.

"కుక్క కాటుకు చెప్పుదెబ్బ" అని మనలో ఒక సామెత కలదు. కక్ష తీర్చుకొనువారికి అది నచ్చును గాని, కాటు పడినవానికి దానివలన మేలు లేదు. కుక్క కాటుకు మొదటి మందు సబ్బు, నీరు. గాయమును పాఱు నీటిక్రింద ఉంచి, సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలెను. అందు కారము, సున్నము, ఆకుపసరు వంటివి పెట్టరాదు. కడిగిన వెంటనే ఆసుపత్రికి పోవలెను. గాయము లోతైనచో టీకాతోపాటు గాయమునందే వేయవలసిన మందొకటి కలదు. దాని అవసరమును వైద్యులు నిర్ణయింతురు. అన్ని దినముల మోతాదులను తప్పక పూర్తి చేయవలెను. పెద్దలు కోపపడుదురను జంకుచేత పిల్లలు కాటును, గోటిగీఱును దాచుట కలదు. కుక్కను రాతితో కొట్టితిమని తెలిసిన తిట్టుదురేమో అని వారి భయము. తిట్టు ఒక్క పూట ఉండును. దాచిన కాటు ప్రాణము తీయవచ్చును. కావున ఏమి జరిగినను ఆ క్షణముననే ఇంట చెప్పవలెను. పెద్దలును అట్టివేళ మందలింపు మాని, మొదట గాయమును కడుగవలెను.

ఇక కుక్కను పెంచువారు పాటింపవలసిన నియమములను చూతము.

మొదటిది టీకా. పిల్లకు మూడు నెలలు నిండగానే పశువైద్యునిచేత రేబిస్ టీకా వేయించి, పిమ్మట వైద్యుడు చెప్పిన గడువున మరల మరల వేయించుచుండవలెను. ఒక ఊరి కుక్కలలో నూటికి 70కి తగ్గకుండ టీకా పడినచో ఆ ఊర రోగవ్యాప్తి ఆగునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అనగా మన కుక్కకు వేయించు టీకా మనయింటిని మాత్రమే కాదు, ఊరినంతటిని కాపాడును.

రెండవది లైసెన్సు. హైదరాబాదు వంటి నగరములలో పెంపుడు కుక్కను స్థానిక సంస్థకడ నమోదు చేయించి లైసెన్సు పొందవలెను. ఇది రుసుము దండుకొనుటకు పుట్టిన నియమమని కొందఱు విసుగుకొందురు. కాని తప్పిపోయిన కుక్క ఎవరిదో తెలియుటకును, కఱచిన కుక్కకు టీకా పడినదో లేదో వెంటనే తేలుటకును ఆ నమోదు అక్కఱకు వచ్చును.

మూడవది కట్టుబాటు. బయటకు తీసికొనిపోవునపుడు కుక్క మెడకు పట్టీయు, ఆ పట్టీకి త్రాడును ఉండవలెను. ఆ త్రాడు దానిని ఆపగల బలము కలవాని చేతిలో ఉండవలెను. పెద్దకుక్కను చిన్నపిల్లవాని చేతికిచ్చి వీథికి పంపుట కట్టుబాటు కాదు. కోపస్వభావము గల కుక్క మూతికి, నూర్పిడివేళ ఎద్దునకు కట్టునట్లు, చిక్కము కట్టవలెను. "మొఱిగే కుక్క కఱవదు" అను సామెతను నమ్మి ఎదుటివానికి ధైర్యము చెప్పుట యజమానికి తగదు. మొఱిగిన కుక్కయు కఱచును; మొఱుగని కుక్కయు కఱచును.

నాల్గవది శుభ్రత. వీథిలో, ఆటస్థలమున, పొరుగువాని గుమ్మము ముందఱ కుక్క మలవిసర్జన చేసినచో దానిని తీసి పాఱవేయవలసినది వెంట వచ్చినవాడే. ఆ మలమునుండి నులిపురుగుల వంటివి మట్టిలో చేరి, ఆ మట్టిలో ఆడుకొను పిల్లలకు సోకవచ్చును.

ఐదవది దయ. కుక్కను రేయింబవళ్లు గొలుసుతో బంధించి ఉంచినచో అది క్రూరముగా మాఱును, ఊరకే మొఱుగును. అట్టి కుక్కను తగినట్లు తిరుగనీయకపోవుటయు, పెంచిన ప్రాణిని నడివీథిలో వదలిపెట్టుటయు 1960లో వచ్చిన జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరములు. ఆ చట్టమునకు దారి తీసినది, నాట్యకళాకారిణియు, రాజ్యసభ సభ్యురాలును అగు శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ సభలో ప్రతిపాదించిన బిల్లు.

ఈ నియమములను విస్మరించి, తన జంతువు ఇతరులకు హాని చేయకుండ జాగ్రత్తపడనివానికి 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ విభాగము ప్రకారము ఆఱు నెలలవఱకు కారాగారముగాని, 5,000 రూపాయలవఱకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. శిక్ష యజమానికే గాని కుక్కకు కాదని గమనింపుడు.

యజమాని లేని వీథికుక్కల మాట ఏమి? ఇది మిక్కిలి చిక్కైన ప్రశ్న. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులోని అంబరుపేటలో నాలుగేండ్ల బాలుడు వీథికుక్కల మూకకు బలియైనాడు. ఆ దారుణమును గూర్చి రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము తనంతట తానుగా విచారణకు పూనుకొన్నది. అట్టి వార్త విన్నప్పుడు కుక్కలనన్నిటిని చంపివేయవలెనని ప్రజలు కోపముతో అనుట సహజము. పూర్వము పురపాలక సంఘములు ఆ పనియే చేసినవి. కాని కుక్కలు తఱుగలేదు. వీథిలో ఎంగిలాకులు, మాంసపు వ్యర్థములు ఉన్నంతకాలము, చచ్చిన కుక్కల తావునకు క్రొత్తవి వచ్చి చేరును. అవి త్వరగా పిల్లలను పెట్టును.

అందుచేత 2001లో వేఱొక పద్ధతిని నియమముగా చేసిరి. వీథికుక్కలను పట్టి, పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టినచోటనే విడువవలెను. చెవికొన కత్తిరించి యున్న వీథికుక్క అట్లు చికిత్స పొందినదని గుర్తు. 2023లో ఈ నియమములను క్రొత్తగా సవరించి వెలువరించిరి. వీథికుక్కలకు అన్నము పెట్టగోరువారు పిల్లలు ఆడుకొనుచోటను, మెట్లకడను, రాకపోకల ద్వారములకడను పెట్టరాదనియు, అందులకు వేఱుగా చోటును, వేళను ఏర్పఱుపవలెననియు అందు కలదు.

2025లో ఈ తగవు సుప్రీముకోర్టుకు ఎక్కినది. ఢిల్లీ ప్రాంతపు వీథికుక్కలనన్నిటిని పట్టి ఆశ్రయములలో ఉంచవలెనని ఆగస్టు 11న ఒక ధర్మాసనము ఉత్తరువిచ్చినది. అదే నెల 22న మువ్వురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని సవరించి, శస్త్రచికిత్సయు టీకాయు అయిన కుక్కలను వాని చోటనే విడువవలెననియు, రేబిస్ సోకినవానిని, క్రూరమైనవానిని మాత్రము విడువరాదనియు చెప్పినది. నవంబరు 7న, పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు స్టేషనులు, రైల్వే స్టేషనులు వంటి తావులనుండి కుక్కలను తొలగించి, మరల అచ్చట విడువరాదని ఆదేశించినది. కరుణకును, భద్రతకును నడుమ త్రాసును సరిచేయుట ఎంత కష్టమో ఈ మార్పులే తెలుపుచున్నవి.

బాలబాలికలారా! ఉత్తరువులు పెద్దలవి, నడవడి మీది. తినుచున్న కుక్కను, నిద్రించుచున్న కుక్కను, పిల్లలతోనున్న తల్లికుక్కను సమీపింపకుడు. ఇతరుల పెంపుడు కుక్కను యజమాని అనుమతి లేక తాకకుడు. కుక్క మీదికి వచ్చినచో పరుగెత్తకుడు. పరుగెత్తువానిని వెంబడించుట దాని స్వభావము. చేతులు దగ్గఱకు తీసికొని, దాని కన్నులలోనికి చూడక, కదలక నిలిచి, మెల్లగా వెనుకకు తొలగుడు. రాళ్లు రువ్వకుడు, తోక లాగకుడు. పాఠశాలలో మధ్యాహ్న భోజనమైన పిమ్మట మిగిలిన మెతుకులను ఆవరణమున చల్లక, మూతగల తొట్టిలో వేయుడు. ఈ చిన్న పని ఎన్నియో కుక్కలను పాఠశాలకు రాకుండ చేయును.

ఒక ఊరివారి నాగరకత అచ్చటి భవనముల ఎత్తువలన తెలియదు. సాయంవేళ ముసలివారు కఱ్ఱ ఊతగా నిర్భయముగా నడువగల వీథి, పసిబిడ్డ ఒంటరిగా ఆడుకొనగల ముంగిలి, రాతిదెబ్బ ఎఱుగని కుక్క, ఈ మూడును ఒక్కచోట కనబడినచో ఆ ఊరివారు తమ ధర్మమును తెలిసినవారని చెప్పవచ్చును.

ప్రశ్నలు

1. కుక్క చేసిన కీడునకు యజమాని ఏల పూచీ వహింపవలెను?
2. సరమ కథవలనను, ధర్మరాజు కథవలనను తెలియు ధర్మములెవ్వి?
3. కుక్క కఱచిన వెంటనే చేయవలసిన పనులను వరుసగా వ్రాయుము.
4. కుక్కలను చంపుటచే వాని సంఖ్య ఏల తఱుగలేదు? దానికి బదులుగా ఏర్పడిన పద్ధతి యేది?
5. మీ వీథిలో కుక్కలను పెంచువారును, పెంచనివారును కలిసి పాటింపదగిన ఐదు నియమములను మీ సొంత మాటలలో వ్రాయుము.