చింతపండు సాయం కొంతే.. నీళ్లు మారితేనే మేలు

మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు రైతులకు ఫ్లోరైడ్ బాధ కొత్తగా చెప్పనక్కరలేదు. పండ్లు గార పట్టుడు, కాళ్లు వంకరపోవుడు, నడుము వంగకపోవుడు ఊరూరా చూసినవే. మహబూబ్‌నగర్ వైపూ ఈ బాధ పడ్డ పల్లెలున్నాయి. ‘‘చింతపండు తింటే ఫ్లోరైడ్ పోతదట గదా?’’ అని చాలామంది అడుగుతుంటారు. ఈ మాట ఉత్తదేమీ కాదు. అయితే అందులో నిజం ఎంతవరకో తెలుసుకోవాలి.

నీళ్లలోకి ఎట్లా వస్తుంది?

మన నేల కింద ఉన్నది గ్రానైటు బండ. ఆ బండలోని ఫ్లోరైడ్ ఖనిజాలు నీళ్లలో మెల్లగా కరుగుతాయి. బండ సందుల్లో నీళ్లు ఎన్నాళ్లు నిలిస్తే అంత ఎక్కువ కరుగుతాయి. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఫరవాలేదని మన దేశ ప్రమాణం.

పరీక్షలో తేలిందేమిటి?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ముందు కుక్కల మీద, తర్వాత బడి పిల్లల మీద చింతపండును పరీక్షించారు. మగపిల్లలకు రోజూ మధ్యాహ్నం అన్నంతో 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు ఇచ్చారు. ఫలితం 2002లో ప్రకటించారు. చింతపండు తినని పిల్లల మూత్రంలో రోజుకు సుమారు 3.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ పోతే, తిన్నవాళ్లలో 4.8 పోయింది. అంటే 1.3 మిల్లీగ్రాములు ఎక్కువ.

లెక్క చూసుకోండి

బోరు నీళ్లలో లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకుందాం. ఎండకాలం చేలో పనిచేసే మనిషి 5 లీటర్లు తాగితే ఒంట్లోకి పోయేది 20 మిల్లీగ్రాములు. చింతపులుసు అదనంగా తీసేది ఒకటీ, ఒకటిన్నర. కడవతో పోస్తూ గిన్నెతో తోడినట్టే గదా! పైగా ఇది కొద్దిమంది పిల్లల మీద, కొద్ది రోజులే చేసిన పరీక్ష. వంగిన ఎముక చింతపండుతో సాపు కాదు.

రైతులు గమనించాల్సినవి

* 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో నల్లా నీళ్లు ఊళ్లకు వచ్చాయి. ఇంట్లో ఆ నీళ్లు తాగి, చేనుకాడ మోటారు నీళ్లు తాగితే ఫలం దక్కదు. పొద్దున పోయేటప్పుడే క్యాన్ నింపుకొని పోవాలి. కూలీలకూ అవే నీళ్లివ్వాలి.
* వంటకూ బోరు నీళ్లు వాడొద్దు.
* నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కనవుతుంది.
* పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే ‘నల్లగొండ పద్ధతి’ని నాగపూర్ నీరి శాస్త్రజ్ఞులు 1970లలో రూపొందించారు. నీళ్లు పరీక్ష చేయించకుండా అందాజాగా పటిక వేయొద్దు.
* పాలు, పెరుగు, ఆకుకూరలు, ఉసిరి, జామ పిల్లలకు బాగా పెట్టాలి. ఛాయ్‌లోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, తగ్గించాలి.

చింతపులుసు మానొద్దు. కానీ దాన్ని నమ్ముకొని బోరు నీళ్లు తాగొద్దు. ముఖ్యంగా పిల్లలకు ఒక్క గ్లాసు కూడా పోయొద్దు. ఎదిగే ఎముకే ముందు దెబ్బతినేది.