అరగంటలో నూట ఎనిమిది ఆలోచనలు

దసరా దగ్గర పడుతోందంటే గుడిలో వాలంటీర్ల సమావేశాలు మొదలవుతాయి. ముప్పై మంది వచ్చినా మాట్లాడేది నలుగురైదుగురే. పెద్దలు చెబుతుంటే పిల్లలు తల ఊపుతారు. కొత్తగా వచ్చిన కుటుంబాలు వెనక కుర్చీల్లో కూర్చుని వింటాయి. తీరా పనులు పంచుకునే వేళకు చేతులు తక్కువవుతాయి. ఆలోచనలో పాలు లేనివారికి పనిలో ఉత్సాహం ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే సమావేశాలు, తరగతులు నడిపేవారి కోసం రెండు పద్ధతులు వివరిస్తున్నాం.

రాసి పక్కవారికి అందించడం

జర్మనీకి చెందిన బెర్న్‌డ్ రోర్‌బాక్ 1968లో ప్రచురించిన ఈ పద్ధతి పేరు 6-3-5.

1. ఆరుగురు గుండ్రంగా కూర్చోవాలి. తలా ఒక కాగితం.
2. మాట్లాడకుండా 5 నిమిషాల్లో 3 ఆలోచనలు రాయాలి.
3. కాగితం పక్కవారికి ఇవ్వాలి. వారు ముందున్నవి చదివి, వాటికి మెరుగులు దిద్దవచ్చు, కొత్తవీ రాయవచ్చు.
4. ఇలా ఆరు విడతలు.

ఒక్కో కాగితంలో 18 చొప్పున మొత్తం 108. అరగంటలో అష్టోత్తరం పూర్తయినట్టే!

ప్రశ్న మాత్రం సూటిగా ఉండాలి. "దసరా ఎలా చేద్దాం?" అంటే పొడి పొడి జవాబులే వస్తాయి. "బొమ్మల కొలువు రోజున పదేళ్ళలోపు పిల్లలకు గంటసేపు ఏ పని అప్పగిద్దాం?" అని అడగండి. తెలుగు రాయడం రాని పిల్లలు ఇంగ్లీషులో రాయవచ్చు. చివర కాగితాలన్నీ గోడకు అంటించి, తలా మూడు స్టిక్కర్ బొట్లు ఇస్తే నచ్చిన ఆలోచన పక్కన పెడతారు.

ముక్కలు కలిపి కథ కట్టడం

1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్ బడులలో వేర్వేరు జాతుల పిల్లలు ఒకే తరగతిలోకి వచ్చినప్పుడు గొడవలు తలెత్తాయి. పిల్లలు పోటీ మాని ఒకరిమీద ఒకరు ఆధారపడేలా ఎలియట్ అరాన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన విద్యార్థులు జిగ్‌సా పద్ధతిని రూపొందించారు.

మన పిల్లల తరగతిలో మహిషాసుర మర్దిని కథను నాలుగు భాగాలు చేద్దాం: మహిషుడి వరం, దేవతలిచ్చిన ఆయుధాలు, యుద్ధం, విజయదశమి. నలుగురేసి పిల్లల జట్లలో ఒక్కొక్కరికి ఒక్కో భాగం. అన్ని జట్లలోనూ ఒకే భాగం వచ్చినవారు ఒకచోట చేరి, తాతయ్యనో అమ్మమ్మనో అడిగి నేర్చుకుంటారు. తర్వాత తమ జట్టుకు తిరిగి వెళ్ళి చెబుతారు. మెతకగా ఉండే పిల్ల దగ్గరున్న ముక్క ఇంకెవరి దగ్గరా ఉండదు కనుక, మిగతావారు అడిగి మరీ వింటారు.

నడిపేవారి పని గడియారం చూడటం, వెనకబడిన వారిని కలుపుకోవడం. జవాబులు తామే చెప్పేయకూడదు. ఎంచుకున్న ప్రతి ఆలోచనకూ బాధ్యుల పేరు, తేదీ రాసుకున్నాకే ప్రసాదం పంచండి.